ఎలకకు పట్టిన మందు

ల్యాబులో అందరికీ ఆయన బాబాయే. పెద్ద మేడమ్ కూడా అలాగే పిలుస్తుంది. ఎలకల కాలేయాలు నూరి, ప్రోటీన్లు తీసి ఫ్రీజర్లో దాచడంలోనే ఆయన జుట్టు నెరిసిపోయింది. ఇంట్లో భార్యకు షుగరు. ఇంకేం, పగలంతా ఆ జబ్బుకే చాకిరీ, సాయంత్రమూ ఆ జబ్బుకే చాకిరీ!

కాలేయంలో చక్కెరను పనిలో పెట్టే ఎంజైము ఒకటుంది. దాన్ని కదలనివ్వకుండా పట్టుకునే ప్రోటీన్ ఇంకొకటుంది. ఆ పట్టు విడిపించి షుగరు దించే మందు కోసమే అక్కడ అందరి తంటాలూ. ఎలక ప్రోటీన్ మీద మందు పనిచేసింది. కిందటి నెల మనిషి ప్రోటీన్ మీదా భేషుగ్గా పనిచేసింది. బాబాయ్ ఆగలేక ఇంటికెళ్లి చెప్పేశాడు. చేతికి రావడానికి ఏళ్లు పడుతుందనీ చెప్పాడు. అది ఆవిడ చెవికెక్కితేగా! పుండు పడ్డ కాలివేలు తీసెయ్యాలని డాక్టరంటే, "మా ఆయన మందొస్తోంది, ఆగండి" అని వచ్చేసింది. అప్పట్నుంచీ కట్టు కూడా తనే కట్టుకుంటోంది.

ఈరోజు ఫ్రీజరు సర్దుతుంటే అసలు సంగతి బయటపడింది. ఎలక ప్రోటీన్ గొట్టాలకు నీలం మూత, మనిషివాటికి తెల్ల మూత. ఆయన పెట్టిన పద్ధతే. నీలం మూతలు అయిపోయిన రోజున ఎలకవాటికీ తెల్లవే బిగించి, తర్వాత మార్చుదాంలే అనుకున్నాడు. మార్చలేదు. మనిషి ప్రోటీన్ గొట్టాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంటే కిందటి నెల పరీక్షకు వెళ్లిందీ ఎలకదే!

అసలుది తీసి మళ్లీ పరీక్ష పెట్టాడు. మందు ఎంత పోసినా పట్టు సడల్లేదు.

"పొరపాటు నాదే మేడమ్."

మేడమ్ కళ్లజోడు తీసి మొహం తుడుచుకుంది. "ఎలకదానికీ మనదానికీ ఎక్కడో చిన్న తేడా ఉంది బాబాయ్. మందు అక్కడ పట్టడం లేదు. మళ్లీ మొదటికొచ్చాం. ఇంటికెళ్లండి."

నాలుగు తిట్లు తిట్టినా ఇంత నీరసం వచ్చేది కాదు.

భార్య మంచం మీద కాలు చాపుకుని ఉంది. భుజాన సంచీ దించకుండానే బాబాయ్ అంతా చెప్పేశాడు.

"అయితే ఎలకలకి తగ్గుతుందన్నమాట," అంది ఆవిడ.

"ఆఁ."

"పోనీలెండి. మీ చేత్తో వాటికైనా మేలు జరిగింది." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"రేపే వెళ్లి ఆ వేలు తీయించేద్దాం," అన్నాడు బాబాయ్.

ఆవిడ మెల్లగా కట్టు విప్పింది. నలుపు వేలు దాటి, సగం పాదం దాకా పాకింది.

"కోప్పడకండి," అంది. "మందొస్తోందిగా, మిమ్మల్ని కంగారు పెట్టడమెందుకని చూపించలేదు."