కోయిలకుంట్లలో ఒకే బండి, ఇద్దరు పిల్లలు

ఓర్వకల్లులో నేను పసిపిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టి ఎన్నో నెలలు కాలేదు, అప్పుడే మూతపడేలా తయారైంది. కారణం మా పాపే. మూడేళ్ళ సుబ్బులు బొమ్మ కోసం పక్కింటి గౌరిని తోసేస్తే ఆ పిల్ల మోచెయ్యి గీసుకుపోయింది. "టీచరమ్మ బిడ్డే కొడతాంటే మా పిల్లోల్లను ఎట్ల పంపేది?" అని గౌరి తల్లి వీధిలోనే అడిగింది. ఆమెను చూసి మరికొందరు తల్లులూ మానిపించారు. నాతోపాటు శిక్షణ పొందిన రూతమ్మ కోయిలకుంట్లలో బాలవాడి నడుపుతోంది. ఆమె ఎలా నెగ్గుకొస్తోందో చూద్దామని పాపను చంకనేసుకుని బయలుదేరాను.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయ్యాక ఈ దారిలో బస్సులు పెరిగాయి. తెల్లవారగానే వచ్చే బస్సు ఎక్కితే రాతిగుట్టలు, పాణ్యం దాటి ఎండ ముదరకముందే నంద్యాల చేరవచ్చు. అక్కడ వేడివేడి బొరుగుల ఉగ్గాని తిని కోయిలకుంట్ల బస్సు పట్టుకోవాలి. ఒళ్ళో పిల్లకు టికెట్టు అడగరు.

"యాడికి పోతాండావమ్మా?" అన్నాడు డ్రైవరు.

"కోయిలకుంట్లకప్పా. పిల్లోల్ల ఆట చూసేకి."

"ఆట చూసేకి ఇంత దూరమా! మా ఇంటికి రా, రోజంతా కొట్లాటే!" అని బస్సంతా వినబడేలా నవ్వాడు.

రూతమ్మ బాలవాడి చర్చి వసారాలో నడుస్తుంది. మేము వెళ్ళేసరికి హుసేని అనే చిన్నవాడు జొన్నబెండుతో చేసిన బండిని తాడు కట్టి లాగుతున్నాడు. సుబ్బులు ఒక్క ఉరుకున పోయి తాడు లాక్కుంది. వాడు గొల్లుమన్నాడు. నేను పాపను కొట్టబోతూ చెయ్యెత్తి లేచాను.

"అక్కా, రోంత ఉండు," అంది రూతమ్మ. ఇద్దరి మధ్యా నేలమీద కూర్చుని బండిమీద చెయ్యి వేసింది. లాక్కోలేదు, అరవలేదు. "సుబ్బులుకు బండి కావాల. హుసేనికీ బండే కావాల. బండేమో ఒకటే ఉండాది. ఏం చేద్దాం?"

"నాది!" అంది సుబ్బులు.

"లాక్కుంటే హుసేని ఏడుస్తాండాడు, చూడు." పక్కనున్న గులకరాళ్ళు చూపించింది. "ఈ రాళ్ళు ఊరికి పోవాల. ఎవరు ఎక్కిస్తారు? ఎవరు లాగుతారు?"

హుసేని ముక్కు తుడుచుకుని ఒక రాయి ఎక్కించాడు. సుబ్బులు లాగింది. రాయి పడింది. వాడు పరిగెత్తి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. ఈసారి మా పాప తనంతట తానే ఆగి, వెనక్కి తిరిగి, "పెట్టు, పెట్టు!" అని గంతులేసింది. ఇద్దరూ పకపకా నవ్వుతుంటే నా కళ్ళు తడిశాయి.

కాసేపటికే ఒక రాయి కోసం మళ్ళీ తగవు. రూతమ్మ మళ్ళీ అలాగే కూర్చుంది.

"ఎన్నిసార్లని చెప్తావు?" అన్నాను.

"రోజూ చెప్పాల అక్కా. మాటలు ఒక్కనాటికే వచ్చినాయా వీళ్ళకు? ఇదీ అంతే."

ఊరికి రాగానే గౌరి తల్లి దగ్గరికి వెళ్ళి, ఒక్కపూట పిల్లతో వచ్చి కూర్చోమన్నాను. వచ్చి గడప దగ్గర ముడుచుకుని కూర్చుంది. అనుకున్నంతా అయింది: పిల్లలిద్దరూ ఒకే బుట్ట పట్టుకున్నారు. నేను నేలమీద కూర్చున్నాను. రూతమ్మలాగే అడిగి, ఓపిక పట్టాను. చాలాసేపు గుంజుకున్నాక గౌరి ఒక చెవి పట్టుకుంది, సుబ్బులు ఇంకో చెవి. బుట్ట పైకి లేచింది.

"అట్లే! ఇంగా పైకి ఎత్తండి!" అని గడప దగ్గరి నుంచి కేక వేసింది ఆ తల్లి.

మరునాడు ఆమె గౌరితోపాటు ఇంకో ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొచ్చింది.

పిల్లలకు కలిసి ఆడడం పుట్టుకతోనే వస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వాళ్ళ పక్కన నేలమీద కూర్చునే పెద్దవాళ్ళు ఉంటేనే అది వస్తుంది, అదీ మెల్లగా. ఇలాంటిది చూడ్డానికి వెళ్ళేవారికి ఒక్క మాట: మొదటి తగవు తీరగానే మురిసిపోయి తిరుగు బస్సు ఎక్కకండి. రెండో తగవు దాకా ఉండండి.