మావాణ్ణి ‘రండి’ అన్న మాస్టారు

రామచంద్రపురం అక్కగారూ, మీ వారి చేతివణుకు తగ్గిందా? మీ మోకాలు ఎలా ఉంది? నరసాపురం చెల్లమ్మా, మీ తమ్ముడికి నిద్ర పడుతోందా? లేసు అల్లుతూ నువ్వు కళ్ళు పాడుచేసుకోవడం లేదు కదా? రాజమండ్రి సెంటర్ వరండాలో నాతోపాటు కూర్చున్న మిగతా వాళ్ళంతా ఎలా ఉన్నారు? నా బీపీ ఎప్పుడూ ఉండేదే. మంచి కబురు రాయాలని ఉంది గానీ నా దగ్గర లేదు. గ్రూపు నడిపే మన మాస్టారు పోయారు. మీలో కొందరికి ఇంకా తెలియదేమో, తెలిసినవాళ్ళు సగమే విన్నారేమో అని బెంగపడి ఇది రాస్తున్నాను.

నాకు పాలు పోసే అతను చెప్పాడు. “మీ సెంటర్ వాడు పోయాడంటండి. తాగే పోయాడంట.” ఎవరి గురించి అంటున్నాడో వెంటనే అందలేదు. ఆయన్ని ‘వాడు’ అనగా అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

ఆ సెంటర్ ఎరగని వాళ్ళ కోసం కూడా చెబుతాను. అది తాగుడు మాన్పించే చోటు. మంచం వేసి పడుకోబెట్టరు. వారంలో ఐదు రోజులు పొద్దున్నే వెళ్ళాలి. డాక్టరమ్మ చూసి మాత్రలిస్తారు. మనసులో దిగులుకి కూడా మాత్రలుంటాయి. ఆ తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి గోడు వాళ్ళు చెప్పుకోవాలి. సాయంత్రానికి ఇల్లు చేరాలి. శనివారం ఇంట్లోవాళ్ళకి కూడా గ్రూపు ఉంటుంది. జబ్బు మనిషిని సాయంత్రమయ్యేసరికి ఊళ్ళోకి వదిలేస్తే అదేం వైద్యమని నాకు మొదటి నుంచీ భయమే. నా కొడుకుని తాళం వేసి ఉంచే చోటికి పంపిస్తానన్నాను. “తాళం తీశాక బతకాల్సింది మీ ఇంట్లోనే కదమ్మా. అక్కడుంటూనే నేర్చుకోనివ్వండి” అన్నారు మాస్టారు.

మాస్టారు అన్నది మనం పెట్టుకున్న పేరే. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. రైసు మిల్లులో గుమాస్తాగా ఉండి, తాగి ఆ ఉద్యోగం పోగొట్టుకుని, అదే సెంటర్‌లో మానేసి, అక్కడే ఉండిపోయారు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. టీ తానే పోసేవారు. చేతులు వణికేవాళ్ళకి సగం గ్లాసే పోసి, అది తాగాక మళ్ళీ వచ్చి మిగతా సగం పోసేవారు. 

మావాడు మోటార్లు వైండింగ్ చేస్తాడు. చేతులు వణికి రాగితీగ చుట్టలేక షాపు మూసుకున్నాడు. నలభై దాటిన మనిషిని ఊళ్ళో కుర్రాళ్ళు సైతం ఒరేయ్ అనేవారు. మొదటిరోజు మాస్టారు గుమ్మంలోకి వచ్చి “రండి, కూర్చోండి” అంటే, తన వెనక ఎవరున్నారా అని మావాడు తిరిగి చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది.

అంతకుముందు అయ్యప్ప మాల వేసుకుని చూశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టేవాడు కాదు. తీసిన రెండో రోజుకే మొదలు. ఎందుకిలా అవుతుందండీ, మా దీక్షలో లోపమా అని మాస్టారిని అడిగాను. “మాల ఉంటే స్వామీ అంటారు, తీస్తే ఒరేయ్ అంటారు. బెల్టు షాపు వాడు మాత్రం ఏడాది పొడుగునా రండి బాబూ అంటాడు. మనిషి ఎక్కడికి వెళ్తాడమ్మా, మీరే చెప్పండి” అన్నారు.

ఒక శనివారం గ్రూపులో, ఇంట్లో కాస్త మర్యాదగా పిలవడం అలవాటు చేసుకోమన్నారు.  కన్నతల్లి కొడుకుని అండి అంటే వాడికి ఆయుక్షీణం కాదా అని అడిగేశాను. ఆయన నవ్వి, “మీరు అండి అననక్కర్లేదమ్మా. వెధవ అనడం మానేస్తే చాలు” అన్నారు. అప్పుడు రామచంద్రపురం అక్కగారు, “నేను మా ఆయన్ని ముప్పై ఏళ్ళ నుంచీ అండి అంటూనే ఉన్నాను. ఏం బాగుపడ్డాడు?” అన్నారు. “మీ అండిలో తిట్టు ఇక్కడిదాకా వినబడుతోందండి” అన్నారు మాస్టారు. ఆవేళ మనమంతా ఎంత నవ్వామో. అంతమంది ఏడుపు మొహాలం ఒక్కసారి నవ్వేసరికి డాక్టరమ్మ గదిలోంచి వచ్చి చూశారు.

కొన్నాళ్ళకి సెంటర్ నీళ్ళ మోటారు కాలిపోతే, “మీరొకసారి చూస్తారా అండి” అని మావాణ్ణే అడిగారు. వాడు రెండు రోజులు కూర్చుని చుట్టాడు. ట్యాంకులోకి నీళ్ళు ఎక్కాక మాస్టారు కుళాయి కింద దోసిలి పట్టి, మొహం కడుక్కుని, మావాడి భుజం తట్టి వెళ్ళారట. ఆవేళ ఇంటికొచ్చి వాడు అన్నం రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. ఇక గట్టెక్కామనుకున్నాను. అలా అనుకున్నందుకే ఇలా అయిందేమో అని కూడా అనిపిస్తుంది. నా బుద్ధి అంతే.

తర్వాతిది మీలో చాలామందికి తెలియదు. ఒకరోజు గ్రూపులో అందరి మాటలూ అయ్యాక మాస్టారు లేచి, “నేను మళ్ళీ మొదలుపెట్టానండి” అని చెప్పారట. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ నిలదీయలేదు. తనంతట తానే చెప్పారు. మర్నాడు ముందున్న తన కుర్చీ వదిలేసి, మావాడి పక్కన, మందు మానడానికి వచ్చినవాళ్ళలో కూర్చున్నారు. నాలుగు రోజులు వచ్చారు. తర్వాత రాలేదు. డాక్టరమ్మ ఇంటికి వెళ్ళి బతిమాలారు. ఎందుకు మొదలుపెట్టారో ఆవిడకీ చెప్పలేదు. ఆపై పోయారు.

ఆ కబురు విన్నప్పటి నుంచి మావాడు సెంటర్‌కి వెళ్ళడం లేదు. పొయ్యి దగ్గర నా పక్కన కూర్చుని ఒక్కటే అన్నాడు. “అన్నేళ్ళు మానిన మనిషమ్మా. ఆయనే ఆగలేకపోయారు. నేనెంత?”   దీనికి మీలో ఎవరి దగ్గరైనా జవాబు ఉంటే నాకు చెప్పండి.

పరామర్శకి నేనొక్కదాన్నే వెళ్ళాను. వచ్చినవాళ్ళు గుమ్మం దాటగానే, ఇన్నాళ్ళూ ఊరందరికీ నీతులు చెప్పాడు అని గొణుక్కుంటున్నారు. మాస్టారి భార్యకి అవన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “మానిన ఏళ్ళు అబద్ధం కాదండి. మా అమ్మాయి పెళ్ళి ఆ ఏళ్ళలోనే చేశాం. నేను నిశ్చింతగా నిద్రపోయింది కూడా ఆ ఏళ్ళలోనే. మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి” అన్నారు. వచ్చి చెప్పాను. వాడు విన్నాడు. విని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాట నాకైతే పనికొచ్చింది. వాడికి పనికొచ్చిందో లేదో తెలియదు. ఆశ పెట్టుకోవడానికి నాకు ఓపిక కూడా తగ్గిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే తలదువ్వుకుని బస్టాప్‌కి వెళ్ళి సిమెంటు బెంచీ మీద కూర్చుంటున్నాడు. అటువైపు రాజమండ్రి బస్సు ఆగుతుంది. ఇటువైపు యానాం వెళ్ళే ఆటోవాళ్ళు కేకేస్తారు. మందు అక్కడ చవకని తెలిసినవాళ్ళు ఎక్కుతారు. గేటు దగ్గర నిలబడి నేను చూస్తూనే ఉంటాను. బస్సు వెళ్ళిపోతుంది, ఆటో వెళ్ళిపోతుంది. వాడు అక్కడే ఉంటాడు. ఇప్పటిదాకా ఏదీ ఎక్కలేదు.

డాక్టరమ్మ ఫోన్ చేశారు. గ్రూపుకి కొత్తాయన వచ్చారట, ఇంట్లోవాళ్ళని కూడా రమ్మన్నారు. మావాడు రాకపోయినా నేను వస్తానని చెప్పాను. వచ్చే శనివారం, ఉదయం పది గంటలకి.