ఒక్క పేరే పట్టే గడి

భూపాలపల్లి గని హాజరు ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన నాడు అందరూ దాని చుట్టూ మూగారు. హాజరు గుమాస్తా దామోదర్ మాత్రం తన కుర్చీలోంచి కదలలేదు. అది 1988. పెట్టెకు బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. అతడు హాజరు పుస్తకంలో గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు.

దామోదర్ అన్నది అతని పేరు కాదు. అది అతని అన్న పేరు. అతడు భూపాల్.

వాళ్లది నర్మెట్టలో ఇరవై ఎకరాల మెట్ట ఉన్న ఇల్లు. వానలు సరిగా పడని ఏండ్లలో ఆ ఇరవై ఎకరాలూ పరువుకు తప్ప పొయ్యికి పనికివచ్చేవి కావు. అన్న దామోదర్ మెట్రిక్ పాసై గని కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. 1969లో తెలంగాణ ఉద్యమం రగిలి జనగామలో బడులు మూతపడ్డాయి. తొమ్మిదో తరగతిలో ఉన్న భూపాల్ తిరిగి బడి ముఖం చూడలేదు. మరుసటి వానకాలం దామోదర్‌ను పచ్చకామెర్లు తీసుకుపోయాయి. అతడు పోయిన మూడో నెలలో, అతని పేరిటే ఉద్యోగపు కాగితం వచ్చింది. తండ్రి రాజయ్య దాన్ని రెండు రోజులు దూలం సందున దోపి ఉంచాడు. మూడో నాడు చిన్న కొడుకు చేతిలో పెట్టాడు.

“పేర్ల ఏమున్నది బిడ్డా? ఏ చెంబుల పోసినా నీళ్లు నీళ్లే. పో.”

పదహారేళ్లవాడు ఇరవై ఏళ్లవాడై వెళ్లాడు.

గనుల్లో ఇది వింత కాదు. బావ పేరుతో బామ్మర్ది, చిన్నాయన పేరుతో కొడుకు దిగుతూనే ఉండేవారు. హాజరు పుస్తకంలో కంపెనీ ఎరిగిన పేరే ఉండేది. అయితే గుమాస్తాలు దాని పక్కన అసలు పేరును పెన్సిలుతో సన్నగా రాసుకునేవారు. లోపల పైకప్పు కూలితే ఎవరి ఇంటికి కబురు పంపాలో తెలియాలి కదా. దామోదర్ తన వరుసలో కూడా ‘భూపాల్’ అని రాసుకున్నాడు. ఆ పేరు బతికి ఉన్న చోటు అదొక్కటే. భార్య లీలావతి మొగుని పేరు ఎత్తే మనిషి కాదు. ఏటా పెత్రమాసకు, పోయినవాళ్ల పేరున అయ్యగారికి బియ్యం ఇస్తూ అన్న పేరు చెప్పేటప్పుడు మొదట్లో అతని నాలుక తడబడేది. తర్వాత ఆ తడబాటూ పోయింది. అలవాటు దుఃఖాన్ని తీర్చదు, దాని చోటును మాత్రం ఆక్రమిస్తుంది.

కంప్యూటర్ నేర్పడానికి హైదరాబాదు నుంచి సుభాషిణి అనే ఇంజనీరమ్మ వచ్చింది.

“ఒక మనిషికి ఒక్క పేరేనండీ. ఈ గడిలో ఇంకోటి పట్టదు,” అంది.

“మరి పెన్సిలు పేర్లు ఏడ రాయాలమ్మా?” అన్నాడు తోటి గుమాస్తా చంద్రయ్య.

“పెన్సిలు పేర్లేంటండీ?”

“ఏం లేదమ్మా, ముద్దు పేర్లు.”

దామోదర్ ఒక్క మాట అడిగాడు. “ముందు ముందు వచ్చే మిషన్లు గూడ గిట్లనే ఉంటయా?”

“ఉండవండీ. ఇది ఒక పని తర్వాత ఒకటి చేస్తుంది, అంతే. ఇప్పుడు వేల చిన్న యంత్రాలు ఒకేసారి ఆలోచించేలా కొత్తవి కడుతున్నారు. మన మెదడు చూసి నేర్చుకుంటున్నారు. ఓ ముప్ఫై ఏళ్లలో మొహం చూసి మనిషెవరో చెప్పేస్తాయి.”

“మొగం చూసి పేరు చెప్తదా?” చంద్రయ్య నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. “అయితే మన బొగ్గు బాయికి తాళమేనే అన్నా!”

సుభాషిణి అర్థం కాకపోయినా నవ్వింది. పేర్లన్నీ ఎక్కించే పని దామోదర్‌కు ఒప్పజెప్పింది. “నెలాఖరు దాకా మీరు ఏది కొడితే అదే నిజం. ఆ తర్వాత మార్చడం నా వల్ల కూడా కాదు. పాత పుస్తకాలు తీసేస్తారు.”

ఇంగ్లీషులో ఆరు మీటలు నొక్కితే తన పేరు తనకు వస్తుంది. పెద్దాఫీసులో ఉన్న అన్న సర్టిఫికెట్‌ను ఎవరైనా తీసి పోల్చితే నౌకరీ పోతుంది. కానీ పద్దెనిమిదేళ్లలో ఎవరూ తీయలేదు. ఆ భయం అతనికి లేదు. ఆదివారం నర్మెట్ట బస్సెక్కాడు. తండ్రి బతికి లేడు. తల్లి సత్తెమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.

“అవ్వా, ఆఫీసుల పేర్లన్ని కొత్తగ ఎక్కిస్తున్నరు. నా పేరు నేను వెట్టుకుంట.”

“మరి వాని పేరు?”

“పోతది.”

సత్తెమ్మ చేయి ఆగింది. “వాడు గా ఆఫీసులనన్న ఉన్నడనుకున్న బిడ్డా. దినాం హాజరుకు వాని పేరు పిలుస్తరని నువ్వే చెప్పితివి.”

“పిలిచేది నన్నే గదనే.”

“ఎవలనైతేంది? పిలుస్తున్నరు గద.” మళ్లీ గింజ తీయసాగింది. “తిన్నవా?”

“తిన్న,” అన్నాడు. తినలేదు.

నెలాఖరులోగా మూడు వందల పేర్లు ఎక్కాయి. తన వరుస వచ్చినప్పుడు కొంతసేపు ఆగుతాననుకున్నాడు. ఆగలేదు. వేళ్లు అన్న పేరును, అన్న పుట్టిన తేదీని కొట్టి కింది వరుసకు వెళ్లిపోయాయి. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

మర్నాడు అచ్చుయంత్రం గరగరలాడుతూ కాగితాలు కక్కింది. ప్రతి పేరు ఎదుట ఎవరూ కొట్టని తేదీ ఒకటి ఉంది.

“రిటైరయ్యే తేదీ అండీ,” అంది సుభాషిణి. “దానంతటదే లెక్కకట్టింది.”

చంద్రయ్య వంగి చూశాడు. “జులై 2010! నాకంటె నాలుగేండ్లు ముందుగాల ఇంటికి పోతున్నవే అన్నా. నాది 2014.”

ఇరవై ఏళ్లకే పోయిన మనిషికి యంత్రం అరవై ఏళ్లు నిండించింది. భూపాల్‌కు అప్పటికి యాభై ఆరు నడుస్తుంటుంది. ఆ నాలుగేళ్లు ఎవరి లెక్కలోకీ రావు.

“అన్నీ సరిగ్గా ఉన్నాయా? చూసి సంతకం పెట్టండి.”

“సరిగ్గనే ఉన్నయమ్మా,” అన్నాడు. అన్న పేరు రాసి, కింద గీత గీసి, కాగితం ఆమె వైపు జరిపాడు.