హార్బర్ అవతలి గ్యారేజీ

మొన్న ఇక్కడ, కెనడాలోని ఒషావాలో మా అపార్ట్‌మెంట్ వెనక పార్కింగ్‌లో ఎవరో కారు బాగుచేసుకుంటున్నారు. కిటికీ తెరవగానే బ్రేక్ క్లీనర్ వాసన గుప్పుమంది. ఘాటుగా గొంతులో పట్టేసే వాసన. ఇంటికొచ్చిన స్నేహితురాలు ముక్కు మూసుకుని, "మూసెయ్యవే తల్లీ" అంది. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు హాలిఫాక్స్ ఆదివారాలూ, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని నవ్వే వసుంధర ఆంటీ గుర్తొస్తారు.

కెనడాలో విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో నేనూ కరీంనగర్ నుంచి వచ్చి హాలిఫాక్స్‌లో దిగాను. అప్పట్లో "స్టూడెంట్" అన్న మాట వినగానే ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు తలుపు సగం మూసేవారు. మనవాళ్లేమో "అయ్యో పాపం" అంటూ పెరుగన్నం డబ్బా చేతిలో పెట్టేవారు. పెరుగన్నం బాగానే ఉండేది కానీ, ఆ "పాపం" మాత్రం గొంతు దిగేది కాదు. నేనూ, నా రూమ్మేట్ రమ్యా కలిసి ఒక ముసలి కారు కొన్నాం. బ్రేకు వేసినప్పుడల్లా అది కీచుమనేది. పాటలు గట్టిగా పెట్టుకుంటే వినపడదని మేమొక ఉపాయం కనిపెట్టాం.

ఆ ఉగాదికి తెలుగువాళ్లంతా ఒక హాల్లో కలిశారు. మేం కీచుమంటూ వెళ్లి పార్కింగ్‌లో ఆగగానే, పట్టుచీర మీద చలికోటు వేసుకున్న ఒకావిడ చేతిలో పులిహోర ప్లేటుతో గబగబా మా దగ్గరికి వచ్చారు.

"ఎన్నాళ్ల నుంచి ఏడుస్తోందమ్మా ఇది?"

"బ్రేకేస్తేనే ఆంటీ. మామూలుగా మంచిగనే ఉంటది" అన్నాను.

ఆవిడ ప్లేటు రమ్య చేతికిచ్చి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు. ఫోన్ లైటు వేసి చూసి తల ఊపారు. "బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఇనుము ఇనుముకు రాసుకుంటోంది. ఇక అడుగు కూడా కదపొద్దు. రేపు టో ట్రక్కు మీద మా ఇంటికి తెప్పిద్దాం."

"మీ ఇంట్ల మెకానిక్ ఉన్నాడా ఆంటీ?"

"ఉంది" అని, పులిహోర ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

వసుంధర ఆంటీది గుంటూరు. హాలిఫాక్స్‌లో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. "ఇన్నేళ్లూ మనుషుల్ని నిద్రపుచ్చాను, ఇప్పుడు కార్లను లేపుతున్నాను" అనేవారు. హార్బర్‌కు అవతలి ఒడ్డున, డార్ట్‌మత్‌లో వాళ్ల ఇల్లు. భర్త ప్రొఫెసరుగా రిటైరయ్యారు. ఆయన గ్యారేజీ గడప దాటేవారు కాదు. అందులో అడుగుపెడితే తనక్కూడా ఏదో ఒకటి బిగించే పని అప్పజెబుతారని భయం.

మర్నాడు ఆదివారం. ఆంటీయే బాగుచేసిస్తారనుకుని వెళ్లాను. ఆవిడ జాకీ ఎక్కడ పెట్టాలో, కారు కింద స్టాండు ఎలా ఆనించాలో చూపించి, స్పానర్ నా చేతికిచ్చి, తాను టీ కప్పుతో స్టూలు మీద కూర్చున్నారు.

"ఆంటీ, నట్టు రావట్లే."

"వస్తుంది. చేతిబలం చాలదు, ఒంటి బరువు వాడు."

స్పానర్ మీద కాలు పెట్టి నిలబడ్డాను. నట్టు 'కిర్రు'మని వదిలింది. నేను వేసిన కేకకు ప్రొఫెసరు గారు కంగారుగా గుమ్మం దాకా వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు. సాయంత్రానికి రెండు ముందు చక్రాలకూ కొత్త ప్యాడ్లు పడ్డాయి. చివర్లో ఆంటీ నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి అన్నారు: "పెడల్ గట్టిపడే దాకా తొక్కు. ఈ ఒక్కటీ మర్చిపోయావంటే ఎదురింటివాళ్ల హాల్లోకి దూసుకెళ్లి అక్కడ టీ తాగాలి."

ఆవిడ రెండో పిచ్చి రేడియోలు. సిమ్ము, ఇంటర్‌నెట్ ఏవీ అక్కర్లేకుండా మెసేజ్‌లు పంపే చిన్న బ్యాటరీ రేడియోలను సొంతంగా బిగించేవారు. పాత బటన్ ఫోన్లలా ఉండేవి. ఒకదాని మెసేజ్‌ను ఇంకొకటి అందుకుని ముందుకు పంపిస్తుంది. వాళ్ల ఇంటి కప్పు మీద ఒకటి పెట్టి, మా అద్దింటి అటక కిటికీలో ఒకటి పెట్టించి, చేతిలో పట్టుకునేది మరొకటి మాకిచ్చారు. రమ్యా నేనూ ఫెర్రీ పడవ ఎక్కి హార్బర్ మధ్యలో నుంచి పరీక్షించేవాళ్లం. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం. నీళ్ల మీదుగా వెళ్లిన మా మొదటి మెసేజ్ "ఆంటీ, ఆకలి." నిమిషంలో జవాబొచ్చింది: "పెసరట్లు. రండి."

"ఫోన్లుండగా ఇదంతా ఎందుకాంటీ?" అని ఒకసారి అడిగాను.

"సరదాకే. పనికొస్తే అప్పుడు చూద్దాం" అన్నారు.

ఆ సెప్టెంబరులో పెద్ద తుఫాను వచ్చింది. రాత్రంతా ఇల్లు ఊగినట్టే అనిపించింది. పొద్దున లేచేసరికి కరెంటు లేదు. ఫోన్లలో సిగ్నలూ లేదు. వీధి నిండా కూలిన చెట్లు. మేం చల్లటి బ్రెడ్ తింటుంటే వంటింటి గట్టు మీద రేడియో టింగుమంది.

"గ్యారేజీలో పడ్డా. చీలమండ విరిగింది. తల తగల్లేదు. స్పృహలోనే ఉన్నా. పక్క తలుపు తీసే ఉంది."

ప్రొఫెసరు గారు మాంట్రియల్‌లో కూతురి దగ్గరున్నారు. ఆంటీ ఒక్కరే. నేను కారు తాళాలు అందుకున్నాను. రమ్య రేడియో అందుకుని "వస్తున్నాం" అని కొట్టింది. హార్బర్ మీది వంతెన అప్పుడే తెరిచారని కారు రేడియోలో విన్నాం. దారి పొడవునా కొమ్మలు, ఎర్రలైట్లు కూడా లేని కూడళ్లు. ఒక మలుపులో చెట్టు అడ్డంగా పడి ఉంది. బ్రేకు తొక్కాను. కారు కిమ్మనకుండా ఆగింది. రమ్య ఊపిరి పీల్చుకుని చేతిలోని రేడియోకు వచ్చిన మెసేజ్ చదివింది: "స్పీడొద్దు. ఎక్కడికీ పారిపోను."

మేం వెళ్లేసరికి ఆవిడ టైరుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చీలమండకు అటూ ఇటూ అట్టముక్కలు పెట్టి టేపు చుట్టుకున్నారు. పాక్కుంటూ వెళ్లి గ్యారేజీ ఫ్రీజర్లోంచి తీసుకున్న గోంగూర పొట్లం దాని మీద కరుగుతోంది. మొహం పాలిపోయింది, నొప్పికి పెదవి కొరుక్కుంటున్నారు. అయినా మమ్మల్ని చూసి, "ముందు ఆ గోంగూర లోపల పెట్టండి, పాడైపోతుంది" అన్నారు. రమ్యా నేనూ చెరోవైపు పట్టుకుని ఆవిణ్ణి వెనకసీట్లో పడుకోబెట్టాం.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని బయటికొచ్చాక ఆపుకోలేక అడిగాను. "ఆంటీ, పక్కింటోళ్లను పిలవాల్సింది కదా."

"అరిచాను. చెట్లు కోస్తున్న మోతలో ఎవరికీ వినపళ్లేదు. అయినా మీకు చెప్పేశాగా, ఇంకెందుకు అరవడం?"

"దారిలో బ్రేకులు పడకపోతే?"

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఎందుకు పడవే? వేసింది నువ్వే కదా!"

ఆ మాట అని నా భుజం మీద చెయ్యేసి, ఒంటికాలి మీద కుంటుతూ కారు దాకా నడిచారు. ఆవిడ బరువంతా నా మీదే ఉంది. అప్పటిదాకా ఈ దేశంలో అందరూ నాకు సాయం చేసినవాళ్లే, లేదంటే జాలిపడ్డవాళ్లే. నా చేతిపనిని నమ్ముకుని ఒక మనిషి నిశ్చింతగా ఎదురుచూడటం అదే మొదటిసారి. తర్వాత ఉద్యోగం వచ్చింది, శాశ్వత నివాసానికి పీఆర్ వచ్చింది. నువ్వు ఇక్కడ ఉండొచ్చని కాగితాలు వచ్చాయి. కానీ ఆ సంగతి నాకు ఆ ఆసుపత్రి పార్కింగ్‌లో, వసుంధర ఆంటీని మోసుకుంటూ నడిచినప్పుడే తెలిసిపోయింది.