రుద్రారం మేడగదిలో వంద పద్యాల ఆట

బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. కంపెనీ బస్సులో రానూపోనూ రెండు గంటలు పోతాయి. ఆ రెండు గంటల్లో ఫోన్‌లో చూసిన ఒక జపాన్ యానిమే సీరియల్ నన్ను ఈ ఆటలోకి లాగింది. ఆటకు వంద పాత పద్యాలు. పద్యం రెండో సగం రాసిన కార్డులు యాభై నేల మీద పరుస్తారు, చెరో ఇరవై ఐదు. మిగతా యాభై పెట్టెలోనే ఉంటాయి. ఫోన్‌లోంచి పద్యం మొదటి సగం వినపడగానే దాని కార్డును ముందు ఎవరు తాకితే వాళ్లది. ఎదుటివాళ్ల వైపు కార్డు గెలిస్తే మన కార్డు ఒకటి అటు తోసేస్తాం. తన వైపు నేల ముందు ఖాళీ చేసినవాళ్లదే గెలుపు. చదివిన పద్యం నేల మీద లేనిదైతే ఏ కార్డూ ముట్టకూడదు. ముట్టామా, ఎదుటివాళ్లు తమ కార్డు ఒకటి మన వైపు తోసేస్తారు. దీనికోసం ముప్పై మూడేళ్ల వయసులో పలక పట్టినంత పని చేశాను. జపాన్ అక్షరాలు దిద్దాను, వంద పద్యాలూ బట్టీ పట్టాను.

రుద్రారంలో చదువుకునే పిల్లలు కొందరు ఆదివారాలు ఈ ఆట ఆడతారని తెలిసి ఆరు నెలలుగా వెళ్తున్నాను. బెంగళూరులో జరిగే పోటీకి ముగ్గురి జట్టు వెళ్లాలి. ఇద్దరు ఖాయమయ్యారు. మూడో చోటుకు నలుగురం మిగిలాం. పోయిన ఆదివారం అది తేలాల్సిన రోజు. ఆ చోటు నాకు కావాలి, సరదాకి కాదు, గట్టిగా కావాలి. ఆ రోజు డ్యూటీ ఉంది కాబట్టి సెలవు పెట్టాను. చీటీలో కారణం దగ్గర ‘సొంత పని’ అని రాశాను. నిజం రాయడానికి సిగ్గేసింది.

కర్దనూర్‌లో ఏడున్నరకు షేర్ ఆటో ఎక్కాను. పటాన్‌చెరుకు ఇరవై రూపాయలు. డ్రైవర్ మా ఊరివాడే.

“ఐతారం గూడ డ్యూటీయేనా అక్కా?”

“లేదు, ఆటకు పోతున్న. జపానోళ్ల పత్తాలాట.”

“పత్తాలాటనా! పోలీసోల్లు పట్టుకపోతరు, జెర పైలం!”

“పైసలు పెట్టే ఆట గాదు. పద్యం సదువుతరు, కార్డు కొట్టాలె.”

“మరి గెలిస్తె ఏమొస్తది?”

“ఇంకో ఆట ఆడనిస్తరు” అన్నాను. అతను పగలబడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. ఇస్నాపూర్ దగ్గర లారీలు అడ్డంపడి రుద్రారం చేరేసరికి తొమ్మిదయింది. రోడ్డు పక్క బండి దగ్గర రెండే ఇడ్లీలు తిన్నాను. “గింతేనా బిడ్డా, ఇంకో రెండు పెట్టాల్నా?” అంది బండి నడిపే పెద్దమ్మ. “కడుపు నిండితే వంగరాదు పెద్దమ్మా” అని లేచాను. ఆట జరిగేది ఊళ్లో పిల్లలు కిరాయికి ఉంటున్న ఇంటి మేడగదిలో. నేల మీద రెండు చాపలు, అంతే.

మొదటి ఆట ఐదు కార్డుల తేడాతో గెలిచాను. పదకొండున్నరకు రెండోది, అదే ఆఖరిది. ఎదురుగా శ్రావణి. వాళ్ల తాతగారు గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. మాట మెత్తన, చేయి మహా చురుకు. ఆట మొదలైన కాసేపటికే నా పరువు పోయింది. పద్యం వినగానే చేయి కుడి మూలకు దూసుకుపోయింది. ఆ కార్డు పొద్దుటి ఆటలో అక్కడుంది. ఈ ఆటలో అసలు నేల మీదే లేదు. అలా మూడుసార్లు తప్పు చేశాను.

నా మీద నాకే మండిపోయింది. మా ప్యాకింగ్‌లో ఒక బ్యాచ్ అయ్యి ఇంకోటి మొదలయ్యే ముందు లైన్ క్లియరెన్స్ చేస్తాం. పాత లేబుల్ ముక్క ఒక్కటి కూడా బల్ల మీద గానీ కింద గానీ మిగలకూడదు. ఇంకొకరు చూసి సంతకం పెట్టేదాకా కొత్త లేబుల్ ముట్టం. పదేళ్లుగా చేస్తున్న పని ఇక్కడ మరిచిపోయాను. చేయెత్తి ఒక్క నిమిషం అడిగాను. కళ్లు మూసుకుని పొద్దుటి కార్డులను వరుసగా ఒక్కొక్కటే మనసులోంచి ఎత్తి పడేశాను. కళ్లు తెరిచి, ముందున్నవి మాత్రమే చూశాను.

తర్వాత ఒక్కొక్క కార్డే తగ్గిస్తూ వచ్చాను. గంట తర్వాత చెరొకటి మిగిలాయి. నా మోకాళ్లు మంటెత్తుతున్నాయి. ఫోన్‌లోంచి గొంతు లేచింది. శ్రావణి చేయి ఠపీమని నా కార్డు మీద పడింది. నా చేయి ఒళ్లోనే ఉంది.

చదివిన పద్యం పెట్టెలోది.

“అయ్యో! పొద్దున నా ఆటలో అది సరిగ్గా ఇక్కడే ఉందక్కా” అని తల పట్టుకుంది శ్రావణి. నా చివరి కార్డును ఆమె వైపు తోశాను. నా వైపు చాప ఖాళీ అయింది.

“మీ చెయ్యి అసలు కదల్లేదేంటక్కా?”

“అది పొద్దుగాల్ల బ్యాచ్ బిడ్డా” అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. వేగంగా కొట్టడం నేర్చుకోవడానికే ఆరు నెలలు పెట్టాను. ఆగడం మాత్రం ఫ్యాక్టరీ ఎప్పుడో నేర్పింది, అది నాకు ఆటలో పనికొస్తుందని తోచలేదు. మీరూ ఈ ఆటకు వెళ్తుంటే ఒక మాట: మొదటి ఆట అయ్యాక గదిలోనే కూర్చోకండి. కిందికి దిగి పది నిమిషాలు నడిచి, ఆ కార్డులన్నీ మరిచిపోయాకే పైకి రండి.

సోమవారం బెంగళూరు ప్రయాణానికి మళ్లీ సెలవు చీటీ రాశాను. సూపర్‌వైజర్ దాన్ని రెండుసార్లు చదివాడు.

“గిదేంది? పత్తాలాటకు లీవా?”

“అవును సార్” అన్నాను. “గెలిచిన.”