ఉడుత పులి మీసం మీద కాలు పెట్టిన వేళ

పెద్ద వాద్యబృందం వాయించే కచేరీని ఒక్క ముసలమ్మ రెండు మాటలతో ఎలా కూల్చగలదో తెలుసుకోవాలంటే నన్నే అడగాలి. ఇది నా చిన్నతనపు ముచ్చట. అంటే, నాకు అరవై ఆరేళ్ళప్పటిది. మా ఆయన అరవై ఏడంటాడు. ఆయన లెక్కలు నమ్మకండి.

మా మనవరాలు శ్రావ్య తాపీనది ఒడ్డున అడాజన్‌లో ఫ్లూటు నేర్చుకునేది. పిల్లలందరూ చదివే ఒక పాత కథల పుస్తకానికి వాళ్ళ సంగీత బడివాళ్ళు సంగీతం కట్టారు. నిద్రపోతున్న పులి గుర్రు డ్రమ్ముల వంతు. పులి మీదుగా ఇల్లు చేరాల్సిన ఉడుత అడుగులు మా పిల్ల వంతు. ఉడుత కాలు పులి మీసం మీద పడగానే అంతా ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దంలోంచి శ్రావ్య ఒక్కతే వాయించాలి. బాగా వాయిస్తే పెద్దపిల్లల బృందంలో చోటిస్తామన్నారు.

నెల్లాళ్ళు దాని ప్రాణం తీశాను.

“బిడ్డా, నలుగుర్ల పరువు తియ్యకు. జర సక్కగ ఊదు.”

“నానమ్మా, బస్ కరో నే, ఇగ సాలు! ముందుగాల నువ్వు సప్పుడు జెయ్యకుండ కూసో.”

“నేనా? నేను నోరు తెరిస్తే అడుగు!”

అడగాల్సే వచ్చింది.

పవర్‌లూమ్‌ల మధ్య బతికినవాళ్ళకు చప్పుడులోనే నిద్ర పడుతుంది, చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. మగ్గం ఆగిందంటే దారం తెగినట్టే. నేను కేక వేయాలి, మా ఆయన ఉరికి మోటారు ఆపాలి. మా కాపురమంతా అదే.

కచేరీనాడు తలుపు పక్కన కూర్చున్నాం. డ్రమ్ములు ధడధడమన్నాయి. అచ్చం మా షెడ్డే! బియ్యపు బస్తా మీద పిల్లిలా హాయిగా కునికాను. అంతలో ఉడుత మీసం తొక్కింది. అంతా ఆగింది.

“దారం తెగింది!”

నది అవతల సలాబత్‌పురా దాకా వినపడి ఉంటుంది. నా పక్కనే కునుకుతున్న మా ఆయన ఎగిరి లేచి, గోడమీద చేతికందిన స్విచ్చులన్నీ ఆపేశాడు. వేదిక చీకటైపోయింది.

“ఏ మగ్గమే?” చీకట్లోంచి ఆయన గొంతు.

“మగ్గం లేదు, గిగ్గం లేదు, కూసో!”

“మరి గట్లెందుకు ఒర్లినవ్?”

“బా, శాంతి రాఖో!” అని, జర ఊరుకో అవ్వా అన్నట్టు, వెనక నుంచి ఎవరో బతిమాలారు.

పిల్ల నోటికాడి ముద్ద నేనే తన్నేశాననుకున్నాను. అప్పుడు చీకట్లో ఫ్లూటు వినిపించింది. మెల్లగా, భయం భయంగా, ఒక్కో అడుగే. ఒక్క స్వరం తప్పలేదు. కరెంటు పోయినప్పుడల్లా, “వేళ్ళకు కండ్లుంటయా? ఊదు!” అని దాన్ని సాధించింది నేనేనని ఇప్పుడు చెప్పుకుంటే బాగుండదు.

చోటు దొరికింది. “నానమ్మా, డ్రమ్ములది ఉత్త గుర్రు. అసలు పులివి నువ్వే,” అంది శ్రావ్య.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూతపడితే కచేరీ మంచిది. లోకంలోని దారాలన్నీ ఒక్కసారే తెగినా ఇక కిక్కురుమననని తాపీనది సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను.

మొన్న ఆదివారం (మా ఆయన శనివారమంటాడు) అదే సంగీతం మళ్ళీ వాయించారు. ఉడుత మీసం తొక్కింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని, మా ఆయన చొక్కా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నిశ్శబ్దం ఎంతకీ తెగదు. తలెత్తి చూద్దును కదా, డ్రమ్ములవాళ్ళు, జనం, ఫ్లూటు పెదవికి ఆనించుకున్న శ్రావ్య, అందరూ నా వంకే చూస్తూ నా కేక కోసం ఎదురుచూస్తున్నారు!

ఒట్టంటే ఒట్టే. కొంగు తీయలేదు.