ఏడో వరుసలో ఖాళీ

పెద్ద మేడం పోయారన్న సంగతి నాకు పటాన్‌చెరులో ఎక్కిన బస్సులో తెలిసింది. టికెట్లు కొడుతున్న కండక్టర్ ఒకప్పుడు ఆమె దగ్గర చరిత్ర చదువుకున్నవాడే. "పొద్దుగాల పోయిన్రట, మీకు తెల్వదా మేడం?" అన్నాడు. సంగారెడ్డిలో దిగగానే ఆమె ఇంటి దారి పట్టాను.

శాసనాలు వెతుక్కుంటూ ఈ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగిన మొదటి ఆడమనిషి ఆమె. అరవైల్లో నేను ఆమె కాలేజీలోనే లెక్చరర్‌గా కొత్తగా చేరినప్పటి నుంచీ, సెలవొస్తే నన్నూ వెంటేసుకుని వెళ్ళేవారు. బకెట్టు, కుంచె, కాగితాల చుట్ట, సిరా డబ్బా. టీకాలమ్మ వచ్చిందని పిల్లలు ఇళ్ళలోకి ఉరికేవాళ్ళు. స్టాఫ్‌రూములో మగవాళ్ళు 'రాళ్ళు కడిగే మేడం' అని నవ్వుకునేవాళ్ళు. "కడుగుతున్న కద, అబద్ధమేమన్నరు?" అనేవారామె.

హత్నూర దగ్గర ఒక శాసనానికి పసుపు రాసి మొక్కుతారు. అది తెలియక నేను గబగబా కడిగేశాను. ఒక ముసలమ్మ వచ్చి నిలదీసింది. పెద్ద మేడం చర్చికి వెళ్ళే మనిషి. అయినా ఆ ముసలమ్మనే పసుపు అడిగి తీసుకుని, కాగితం మీద అక్షరాల నకలు తీయడం అయ్యాక తన చేత్తో మళ్ళీ రాశారు. ఆనాటి నుంచి ఆమె సంచీలో పసుపు పొట్లం ఒకటి చేరింది.

డెబ్బైల్లో పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీల కోసం బీళ్ళు చదును చేస్తుంటే, ఒకచోట శాసనం బయటపడింది. అక్షరాలు అరిగిపోయి కంటికి ఆనడం లేదు. తడి కాగితం రాతికి అంటించి, కుంచెతో కొట్టి, సిరా అద్దాం. బాగా ఆరాకే ఎత్తాలి. మబ్బు పట్టింది, నాకేమో బస్సు గుబులు.

"జెర ఆగు బిడ్డా. ఆరకుంటె రేపొద్దాం. రాయి యాడికి పోతది?"

నేను ఆగలేదు. ఏడో వరుసలో అరచేతి మేర కాగితం పీలికలై రాతికే అంటుకుపోయింది. మిగిలినదాన్ని బట్టి చూస్తే, చెరువు తవ్వించిన ఒక స్త్రీ పేరు ఉండాల్సిన చోటు అది. మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. రాయి లేదు. యంత్రం దాన్ని పగలగొట్టి పునాదిలో కలిపేసిందని వాచ్‌మన్ చెప్పాడు.

ఆమె తన శాసనాల పుస్తకం వేసేటప్పుడు ఏదో ఒక పేరు ఊహించి పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. "తెల్వనిది తెల్వదనే రాయాలె. ఊహించి పెడితె ఆమెను ఇంకోసారి పోగొట్టినట్టె," అన్నారు పెద్ద మేడం. అక్కడ చుక్కలు పెట్టి, అడుగున 'నకలు ఎత్తడంలో నా తొందర వల్ల పోయిన పేరు' అని వేశారు. నా తొందర అని. ప్రూఫులు దిద్దింది నేనే. ఆ మాట చూసి కూడా ఊరుకున్నాను.

ఆ తొందర ఆమెది కాదు, నాది. ఇది ఆమె కోసం రాస్తున్నానో, నా బరువు దించుకోవడానికి రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆమె చెల్లెలు ట్రంకుపెట్టె తెరిచి, ఆ నకలు నా చేతికిచ్చారు. మంచం మీద పరిచాం. నల్లటి కాగితంలో అరచేతంత ఖాళీ. దాని అంచున, పట్టి లాగినచోట, నా నాలుగు వేళ్ళ సిరా గుర్తులు. ఇన్నేళ్ళూ పెద్ద మేడం దాన్ని మడత నలగకుండా దాచారు.